స్టార్చ్ ఫ్యాక్టరీ నీళ్లకు యూఏఎస్‌బీ రియాక్టర్: ట్యాంకు మంచిదే, కొటేషన్ మాత్రం జాగ్రత్తగా చదవాలి

ముందే చెప్పేస్తే: స్టార్చ్, సగ్గుబియ్యం, బీరు, కూల్‌డ్రింకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల మురుగునీళ్ల నుంచి గ్యాస్ తీయాలనుకుంటే, ఇప్పుడు దొరికే వాటిలో యూఏఎస్‌బీ (గాలి తగలని ట్యాంకులో నీళ్లను అడుగు నుంచి పైకి పంపి, బురదలోని బ్యాక్టీరియాతో శుద్ధి చేసే రియాక్టర్) కొనదగ్గ సరుకే. మొలాసిస్ (చక్కెర మడ్డి) నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ వదిలే నీళ్లకు, అంటే స్పెంట్‌వాష్‌కు, వద్దు. కొవ్వు ఎక్కువుండే డెయిరీ, కబేళా నీళ్లకైతే ముందు కొవ్వు తీసే ఏర్పాటు ఉంటేనే చూడండి. బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీ నీళ్లకు దీని పేరే ఎత్తొద్దు. సాల్వెంట్లు, ఉప్పు, యాంటీబయాటిక్‌లు కలిసి లోపలి బ్యాక్టీరియాను బతకనివ్వవు.

ఇది ఏ ఒక్క కంపెనీ మోడల్ మీదా రివ్యూ కాదు. ‘టర్న్‌కీ యూఏఎస్‌బీ ప్యాకేజీ’ అని కొటేషన్లలో వచ్చే సరుకులో ఏముంటుంది, ఏది రాయకుండా వదిలేస్తారు, కొన్నాక ఏది ముందు చెడుతుంది అన్నది ఇక్కడి విషయం. లెక్కల కోసం ఒక యూనిట్‌ను అనుకుందాం: పెద్దాపురం, సామర్లకోట వైపు ఉండే తరహా కర్రపెండలం ఫ్యాక్టరీ, రోజుకు 500 కిలోలీటర్ల (500 కేఎల్‌డీ) నీళ్లు, లీటరుకు 6,000 మిల్లీగ్రాముల సీఓడీ (నీళ్లలోని మలినాన్ని, దాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్కన చెప్పే కొలత). అంటే రోజుకు 3,000 కేజీల సీఓడీ.

లోపల జరిగేది

1970ల్లో నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్‌లో గాట్జే లెట్టింగా బృందం చక్కెర ఫ్యాక్టరీ నీళ్ల మీద తయారుచేసిన పద్ధతి ఇది. ట్యాంకులో మిక్సర్ ఉండదు, ప్లాస్టిక్ మీడియా ఉండదు. నీళ్లు అడుగు నుంచి మెల్లగా పైకి వస్తాయి. అడుగున రెండు మూడు మీటర్ల మందాన బురద పరుపు ఉంటుంది. ఆ బురద గింజ కట్టి ఉంటుంది: నల్లగా, గట్టిగా, ఆవగింజ నుంచి సన్న సగ్గుబియ్యం దాకా సైజు. వాటినే గ్రాన్యూల్స్ అంటారు. నీళ్లు గంటకు అర మీటరో మీటరో పైకి వెళ్తుంటే, మంచి గ్రాన్యూల్ గంటకు 20 మీటర్ల కంటే వేగంగా కిందికి దిగుతుంది. అందుకే నీళ్లు ఒక్క రోజులో బయటికి వెళ్లిపోయినా బ్యాక్టీరియా నెలల తరబడి లోపలే ఉంటుంది. ట్యాంకు పైభాగంలో గ్యాస్, నీరు, బురదను వేరుచేసే డోములు ఉంటాయి. ట్రేడ్‌లో వాటిని జీఎల్ఎస్ఎస్ అంటారు.

హైదరాబాద్ అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ (రోజుకు 339 మిలియన్ లీటర్ల) మురుగునీటి ప్లాంటు కూడా యూఏఎస్‌బీయే కాబట్టి ‘అదే టెక్నాలజీ’ అని సేల్స్ వాళ్లు చూపిస్తుంటారు. పేరొక్కటే. ఊరి మురుగులో సీఓడీ కొన్ని వందల్లో ఉంటుంది. పుట్టిన మీథేన్‌లో చాలా వంతు నీళ్లలో కరిగే బయటికి పోతుంది. దాన్ని చూసి మీ గ్యాస్ లెక్క వేయలేరు, అక్కడి బురదను సీడ్‌గా (కొత్త ట్యాంకులో మొదట వేసే బ్యాక్టీరియా బురదగా) తెచ్చుకున్నా అది గ్రాన్యూల్ కాదు.

సైజు, గ్యాస్ లెక్క

స్టార్చ్ నీళ్లకు ట్యాంకులో ఒక్కో క్యూబిక్ మీటరుకు రోజుకు 6 కేజీల సీఓడీ లోడ్ సురక్షితం. మన 3,000 కేజీలకు 500 క్యూబిక్ మీటర్ల ట్యాంకు కావాలి. కొటేషన్లో 10, 12 కేజీల లోడ్ రాసి 250 క్యూబిక్ మీటర్ల ట్యాంకు చూపిస్తే ధర తక్కువ కనిపిస్తుంది. మంచి గ్రాన్యూల్ పరుపు, చేయి తిరిగిన ఆపరేటర్, నిలకడైన ఫీడ్ ఉంటే ఆ లోడ్ నడుస్తుంది. ఫ్యాక్టరీలో ఆ మూడూ ఒకేసారి ఉండే రోజులు తక్కువ.

నీటి ఎత్తు 5.5 మీటర్లయితే అడుగు వైశాల్యం 90 చదరపు మీటర్లు. 500 కేఎల్‌డీ ఒక్కదాన్నే పంపితే పైకెళ్లే వేగం గంటకు 0.23 మీటర్లే, పరుపు కదలదు. బయటికి వచ్చిన నీళ్లను అంతే పరిమాణంలో వెనక్కి తిప్పితే వేగం 0.46కు వస్తుంది. ఈ రీసర్క్యులేషన్ పంపు లేని ప్యాకేజీని అక్కడే పక్కన పెట్టండి. దానివల్ల రెండో లాభం కూడా ఉంది: బయటికొచ్చే నీళ్లలో ఉన్న ఆల్కలినిటీ (యాసిడ్‌ను తట్టుకునే క్షార గుణం) మళ్లీ లోపలికి వెళ్లి కాస్టిక్ సోడా ఖర్చు తగ్గిస్తుంది.

గ్యాస్ విషయంలో కొటేషన్లలో ఆడే ఆట మూడు రకాలు. ఒక కేజీ సీఓడీ పూర్తిగా మీథేన్‌గా మారితే సున్నా డిగ్రీల దగ్గర 0.35 క్యూబిక్ మీటర్ల మీథేన్ వస్తుంది. అదే 35 డిగ్రీల దగ్గర కొలిస్తే 0.39 దాటుతుంది. ఏ ఉష్ణోగ్రతో రాయకపోతే అక్కడే 13 శాతం తేడా. రెండోది, ‘కేజీకి ఇంత’ అన్నది తీసేసిన సీఓడీకా, వచ్చిన సీఓడీకా అని చెప్పకపోవడం. మూడోది, 65 శాతం మీథేన్ గ్యాస్‌కు కేజీకి 0.6 క్యూబిక్ మీటర్లని రాయడం. అది లెక్కల ప్రకారం రాగలిగిన గరిష్ఠం. బ్యాక్టీరియా పెరుగుదలకు పోయేది, నీళ్లలో కరిగి పోయేది అందులోంచి తీసెయ్యాలి. తీసేసిన కేజీకి 0.45 వేసుకుంటే మోసపోరు.

80 శాతం సీఓడీ తగ్గుతుందనుకుంటే 2,400 కేజీలు, అంటే రోజుకు సుమారు 1,080 క్యూబిక్ మీటర్ల గ్యాస్. క్యూబిక్ మీటరుకు 4,800 కిలో కేలరీలు, ఊకకు కేజీకి 3,100 వేసుకుంటే, రోజుకు 1.6 నుంచి 1.7 టన్నుల ఊక మిగులుతుంది. జనరేటర్‌కు పెడితే 1,900 యూనిట్ల చుట్టుపక్కల కరెంటు. మా లెక్కలో బాయిలర్, డ్రయ్యర్, సగ్గుబియ్యం వేయించే పొయ్యి, వీటికి వాడుకోవడమే మంచిది. జనరేటర్‌కు గ్యాస్ శుభ్రం చేసే ఖర్చు, ఆయిల్ మార్పిడి, స్పేర్లు కలిపితే ఇంత చిన్న ప్లాంటులో మిగిలేది తక్కువ.

లెక్కలో చాలామంది వేయనిది ఇంకోటి ఉంది. ఇవే 2,400 కేజీలను గాలి కొట్టి ఏరోబిక్ పద్ధతిలో తీయాలంటే కేజీకి దాదాపు ఒక యూనిట్ కరెంటు బ్లోయర్లకే పోతుంది. పైగా ఆ పద్ధతిలో పుట్టే బురద ఇక్కడికంటే ఐదారు రెట్లు. కొన్ని ఫ్యాక్టరీలకు గ్యాస్ కంటే ఈ మిగులే పెద్దది.

సబ్సిడీని చూసి నిర్ణయం తీసుకోకండి. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2022 మార్గదర్శకాల్లో బయోగ్యాస్‌కు ఇచ్చే సాయం రోజుకు 12,000 క్యూబిక్ మీటర్లకు 25 లక్షల లెక్కన ఉండేది. ఆ లెక్కన మన 1,080కి రెండు లక్షల పైచిలుకు. సివిల్ పనిలో ఒక మూలకు రాదు.

ప్యాకేజీలో చూడాల్సిన భాగాలు

అన్నిటికంటే ముందు అడుగున నీళ్లు పంచే పద్ధతి చూడండి. చవక ప్యాకేజీల్లో అడుగున నాలుగైదు హెడర్ పైపులు వేసి రంధ్రాలు కొడతారు. ఏ రంధ్రం మూసుకుపోయిందో ఎవరికీ తెలియదు. నీళ్లు తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి దారి చేసుకుని పోతాయి, మిగతా పరుపు ఆకలితో పడుంటుంది. ట్యాంకు ఖాళీ చేస్తే తప్ప బాగుచేయలేరు. సరైన పద్ధతిలో ట్యాంకు పైన ఒక డిస్ట్రిబ్యూషన్ బాక్స్ ఉంటుంది. అందులో గదికో వీ-నాచ్ (వీ ఆకారపు గంటు), వీ-నాచ్‌కో పైపు, ఒక్కో పైపు విడిగా అడుగుదాకా. పైన 75 మిల్లీమీటర్లు, కింది చివర 40కి సన్నబడాలి, నేలకు 150 నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఆగాలి. ఏదైనా పైపు మూసుకుపోతే ఆ గదిలో నీళ్లు పైకొచ్చి కంటికే కనిపిస్తుంది. పైనుంచి రాడ్ వేసి పొడిస్తే ఐదు నిమిషాల పని. రెండు చదరపు మీటర్లకు ఒక పైపు చొప్పున మనకు 45 పైపులు కావాలి. డ్రాయింగ్‌లో పన్నెండో పదహారో కనిపిస్తే మిగతావి ఎక్కడని అడగండి.

జీఎల్ఎస్ఎస్ డోములు ఎఫ్ఆర్‌పీ లేదా పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. రంగు వేసిన మైల్డ్ స్టీల్ వద్దు. గ్యాస్, నీళ్లు కలిసే గీత దగ్గర మొదట తుప్పు తినేస్తుంది. డోము గోడ వాలు 50 నుంచి 60 డిగ్రీలుండాలి, తక్కువైతే జారాల్సిన బురద అక్కడే కూర్చుంటుంది. డోముల మధ్య సందు కింద ఉండే డిఫ్లెక్టర్ అంచు డోము అంచు దాటి 150 నుంచి 200 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. ఇది సరిగా లేకపోతే బుడగలు నేరుగా సెట్లర్‌లోకి వచ్చి గ్రాన్యూల్స్‌ను పైకి ఎత్తుకుపోతాయి. కాంక్రీట్ ట్యాంకైతే నీటి గీత పైన ఎపాక్సీ గానీ షీట్ లైనింగ్ గానీ తప్పదు. హైడ్రోజన్ సల్ఫైడ్ తడి గోడ మీద సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి సిమెంటును పిండి పిండి చేస్తుంది. బోల్టులు ఎస్ఎస్ 316.

బురద శాంపిల్ తీసే ట్యాపులు అడుగు నుంచి ప్రతి అర మీటరుకు ఒకటి ఉండాలి. అదనపు బురద తీసే లైను మధ్య ఎత్తులో, ఇసుక తీసే లైను అడుగున, రెండూ వేరుగా ఉండాలి. అడుగు లైను ఒక్కటే ఉంటే ప్రతిసారీ బరువైన మంచి గ్రాన్యూల్స్‌నే బయట పారబోస్తారు.

గ్యాస్ లైనులో వాటర్ సీల్, నీటి ఆవిరి దిగే మాయిశ్చర్ ట్రాప్, ఫ్లేమ్ అరెస్టర్, గ్యాస్ మీటరు, బెలూన్, బ్లోయర్, ఫ్లేర్. ఇందులో ఫ్లేర్‌ను ‘ఆప్షనల్’ అని పెట్టేవాళ్లున్నారు. బాయిలర్ ఆగిన రోజున గ్యాస్ ఎక్కడికి పోవాలి? ఆప్షనల్ కాదు.

రియాక్టర్ ముందు భాగమే ప్లాంటుకు ఆయువుపట్టు అయినా కొటేషన్లో రెండు లైన్లలో తేలిపోతుంది. కర్రపెండలం దుంపలు కడిగిన మొదటి నీళ్లలో మట్టి, ఇసుక, తొక్క; వాటిని ఈ లైనులో కలపనే వద్దు, సెట్లింగ్ ట్యాంకులో తేర్చి కడుగుడుకే మళ్లీ వాడుకోండి. పిండి తేరే ట్యాంకుల నుంచి వచ్చే పైనీళ్లే రియాక్టర్ తిండి. అందులోని పిప్పిని 1 మిల్లీమీటర్ రోటరీ స్క్రీన్‌తో తీసెయ్యాలి. తేలియాడే ఘనపదార్థం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే హాయి. 1,000 దాటితే పిప్పి పరుపులో పేరుకుని గ్రాన్యూల్స్‌ను మెల్లగా తరిమేస్తుంది. ఆ తర్వాత 8 గంటలు ఆగే బఫర్ ట్యాంకు. ఇది ఫ్లో సర్దడానికే అనుకుంటారు గానీ, చక్కెర, పిండిలో మూడో వంతు ఇక్కడే పులిసి యాసిడ్ కావాలి. పులియని పిండి నేరుగా వెళ్తే గ్రాన్యూల్ మీద తెల్లటి బూజులాంటి పొర కట్టి, అది తేలి కొట్టుకుపోతుంది. పూర్తిగా పులియబెట్టినా మంచిది కాదు, గ్రాన్యూల్ ఎదగదు.

సీడింగ్: అసలు ఖర్చు ఇక్కడ

‘సీడ్ స్లడ్జ్: క్లయింట్ స్కోప్.’ కొటేషన్ చివరి పేజీలో ఈ నాలుగు మాటలుంటాయి. దాని బరువు చూడండి. క్యూబిక్ మీటరుకు 10 నుంచి 15 కేజీల సజీవ పదార్థం లెక్కన మన ట్యాంకుకు 5 నుంచి 7.5 టన్నులు కావాలి. చిక్కటి గ్రాన్యులర్ స్లడ్జ్‌లో క్యూబిక్ మీటరుకు 50 కేజీల వరకు ఉంటుంది కాబట్టి 100 నుంచి 150 క్యూబిక్ మీటర్లు, అంటే 10 కేఎల్ ట్యాంకర్లు పది నుంచి పదిహేను. నడుస్తున్న బ్రూవరీ, స్టార్చ్ యూఏఎస్‌బీల నుంచి తెచ్చుకోవాలి. వాళ్లు ఊరికే ఇవ్వరు, ఇవ్వాల్సిన పనీ లేదు.

పేడతో సీడ్ చేస్తామని చెప్పేవాళ్లు ఎక్కువ. పేడలో గడ్డి పీచు తేలుతుంది, పనికొచ్చే బ్యాక్టీరియా తక్కువ; ఆరు నెలలు గడిచినా గ్రాన్యూల్ కట్టకపోవచ్చు. మురుగు ప్లాంటు డైజెస్టర్ బురదైతే మూడు నాలుగు నెలలు. మంచి గ్రాన్యూల్స్ దొరికితే మూడు నుంచి ఆరు వారాల్లో పూర్తి లోడ్. ఆ నెలల తేడాలో మీరు కొనే ఊక ఖరీదు వేసుకుంటే ట్యాంకర్ల ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది.

ట్యాంకర్ దగ్గరే బురద పరీక్షించండి. ఒక లీటరు మెజరింగ్ సిలిండర్‌లో నీళ్లు పోసి గుప్పెడు బురద వెయ్యండి. మంచి గ్రాన్యూల్స్ నిమిషంలోపు అడుగుకు చేరతాయి, పైనీళ్లు తేటగా కనిపిస్తాయి. ఒక గింజను వేళ్ల మధ్య నొక్కితే వెంటనే నలగకుండా కొంచెం ఆగాలి. వెంటనే పేస్టులా నలిగిపోతే అది ఆకలితో మాడిన సరుకు. నొక్కితే ఇసుకలా గరగరలాడితే కాల్షియం పేరుకుపోయిన సరుకు. బరువు తూగుతుంది, పని చేయదు. బూడిద రంగులో పెద్ద గింజలు తేలుతుంటే లోపల డొల్ల.

మొదటి లోడ్ కేజీ సజీవ పదార్థానికి 0.1 కేజీ సీఓడీ, అంటే రోజుకు 500 నుంచి 750 కేజీలు. బయటి నీళ్లలో వీఎఫ్ఏ (పులియడం వల్ల పుట్టే ఆవిరయ్యే యాసిడ్‌లు) లీటరుకు 300 మిల్లీగ్రాముల లోపు, సీఓడీ తగ్గుదల 80 శాతం ఉంటేనే లోడ్ మరో ఇరవై శాతం పెంచాలి. ‘గ్యాస్ వస్తోంది కదా’ అని రెట్టింపు చేయడమే కొత్త ప్లాంట్లు పడిపోయే మామూలు దారి.

మొదట్లో పోషకాలు సీఓడీ 350కి నైట్రోజన్ 5, ఫాస్ఫరస్ 1 లెక్కన ఇవ్వాలి. పూర్తి లోడ్ దగ్గర తీసేసే 2,400 కేజీల సీఓడీకి అది రోజుకు 34 కేజీల డీఏపీ, 61 కేజీల యూరియా. మీ నీళ్లలో ముందే ఉన్నది అందులోంచి తీసెయ్యండి. నిలదొక్కుకున్నాక మూడో వంతు చాలు. డీఏపీని సున్నంతో కలిపి ఒకే డ్రమ్ములో వేయకూడదు, ఫాస్ఫరస్ అంతా కాల్షియంతో గడ్డకట్టి అడుగున ఉంటుంది.

కర్రపెండలం సీజన్ ఫ్యాక్టరీలకు, మామిడి గుజ్జు వాళ్లకు యూఏఎస్‌బీ చేసే పెద్ద మేలు: సీజన్ అయ్యాక ఫీడ్ ఆపి, నీళ్లు నిండుగా ఉంచి మూసేస్తే గ్రాన్యూల్స్ నెలల తరబడి నిద్రలో ఉంటాయి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు నాలుగో వంతు లోడ్‌తో మొదలుపెడితే రెండు మూడు వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. ఏరోబిక్ ట్యాంకుకు ఈ సౌకర్యం లేదు.

రోజూ నడపడం

పీహెచ్ మీటరు ఒక్కటి చూసి నడిపేవాళ్లకు చెడు వార్త అన్నిటికంటే ఆలస్యంగా అందుతుంది. ముందు వీఎఫ్ఏ పెరుగుతుంది, గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, తర్వాత ఆల్కలినిటీ కరుగుతుంది, చివరికి పీహెచ్ పడుతుంది. అప్పటికి రియాక్టర్ పులిసిపోయి ఉంటుంది. అందుకని రోజుకొకసారి టైట్రేషన్ చేయాలి. వడకట్టిన 20 మిల్లీలీటర్ల అవుట్‌లెట్ నీళ్లు తీసుకుని, 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 5.0 దాకా టైట్రేట్ చేయండి. పట్టిన మిల్లీలీటర్లను 250తో గుణిస్తే ఆల్కలినిటీ. అక్కడి నుంచి 4.4 దాకా మళ్లీ పోయండి. ఈ రెండో కొలతను 1.66తో గుణించి, 0.15 తీసేసి, 500తో గుణిస్తే వీఎఫ్ఏ. ఉదాహరణకు మొదట 8 మిల్లీలీటర్లు, తర్వాత 0.8 పడితే ఆల్కలినిటీ 2,000, వీఎఫ్ఏ 589, నిష్పత్తి 0.29. 0.3 లోపు నిశ్చింత. 0.4 వస్తే లోడ్ పెంచకండి. 0.5 దాటితే ఫీడ్ ఆపండి. చిన్న విలువల దగ్గర ఈ లెక్క కచ్చితం కాదు, కానీ రోజురోజుకూ ఎటు పోతోందో చెప్పడానికి చాలు.

గ్యాస్ నాణ్యతకు అనలైజర్ లేకపోయినా పరవాలేదు. 60 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజిలో 40 గీత దాకా గ్యాస్ తీసుకుని, 10 మిల్లీలీటర్ల 20 శాతం కాస్టిక్ లోపలికి లాగి, మూతి బిగించి బాగా ఊపండి. కార్బన్ డయాక్సైడ్ కాస్టిక్‌లోకి పోతుంది, మిగిలింది దాదాపు మీథేన్. 40లో 26 మిగిలితే 65 శాతం. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి.

ఫీడ్ పీహెచ్ సరిచేయడానికి సున్నం చవక, కానీ పైపుల్లో, గ్రాన్యూల్స్‌లో సున్నపు పొర కడుతుంది. రోజువారీకి కాస్టిక్, ఆపదకు సోడియం బైకార్బొనేట్ పెట్టుకోండి. స్టార్చ్ నీళ్లలో ప్రొటీన్ తక్కువ, అంటే ఆల్కలినిటీ సొంతంగా పుట్టదు. ఈ ఖర్చు ఎప్పటికీ సున్నా కాదు. ‘కెమికల్ ఖర్చు ఉండదు’ అన్న సేల్స్ మాట ఇక్కడ చెల్లదు. వేడి విషయంలో మాత్రం మన ప్రాంతం అదృష్టం: నీళ్లు ఎలాగూ 30 డిగ్రీల పైన ఉంటాయి, హీటర్ అవసరం పడదు.

చెడేది ఎక్కడెక్కడ

పులిసిపోతే ముందు ఫీడ్ ఆపండి, రీసర్క్యులేషన్ ఆపొద్దు, బైకార్బొనేట్ మెల్లగా కలపండి. ఒక్కసారిగా కాస్టిక్ బస్తాలు గుమ్మరించడం మామూలుగా జరిగే పని. దానివల్ల లోపలి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పీల్చుకుపోయి డోముల్లో ఒత్తిడి పడిపోతుంది, పీహెచ్ ఇవాళ 8, రేపు మళ్లీ 6. నిష్పత్తి 0.3కి దిగాక మూడో వంతు లోడ్‌తో మొదలుపెట్టండి.

అవుట్‌లెట్‌లో నల్లగింజలు వస్తుంటే ఫ్లోనే తప్పనుకోకుండా వాటర్ సీల్ చూడండి. ఎండాకాలం సీల్‌లో నీళ్లు ఆవిరై ఒత్తిడి మారితే డోము లోపలి గీత జరిగి, గ్యాస్ సెట్లర్‌లోకి జారుతుంది. రోజూ మెట్లెక్కి సీల్ మట్టం చూడటం ఎవరికీ ఇష్టముండదు. దాన్ని లాగ్‌బుక్‌లో ఒక గడిగా పెట్టండి.

సీఐపీ (యంత్రాలను విప్పకుండా కడిగే) కాస్టిక్, బ్లీచింగ్, ఫ్లోర్ శానిటైజర్ ఒక్కసారి వస్తే వారం పని పోతుంది. కడుగుడు రోజు నీళ్లను వేరే ట్యాంకులోకి మళ్లించి, తర్వాత కొద్దికొద్దిగా కలపాలి. మొక్కజొన్న స్టార్చ్ వాళ్లకు ఇంకో ముప్పు: గింజ నానబెట్టే నీళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది. ఆ స్టీప్ వాటర్ ఎవాపొరేటర్‌కే పోవాలి. సల్ఫేట్‌కు పది రెట్లకు పైగా సీఓడీ ఉంటే భయం లేదు. అంతకంటే తగ్గితే గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ పెరగడమే కాక, ప్రతి గ్రాము సల్ఫేట్ 0.67 గ్రాముల సీఓడీని మీథేన్ బ్యాక్టీరియా నోటి దగ్గర నుంచి లాగేసుకుంటుంది.

ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాలు కూడా తీస్తుంది. గాలిలో 100 పీపీఎం దగ్గర నిమిషాల్లోనే ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది, అంటే హెచ్చరిక ఉండదు. 500 దాటితే మనిషి పడిపోతాడు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. మ్యాన్‌హోల్ తెరవాలంటే గ్యాస్ డిటెక్టర్, బ్లోయర్, హార్నెస్, పైన ఇద్దరు మనుషులు. పడిపోయినవాడి కోసం ఊపిరి బిగపట్టి దిగినవాళ్లే రెండో శవాలవుతారు. ఆపరేటర్ ట్రైనింగ్‌లో ఈ గంట లేని వెండర్‌ను నమ్మకండి.

పక్క మోడళ్లతో పోలిస్తే

స్థలం బోలెడు ఉండి, మూలధనం తక్కువైతే హెచ్‌డీపీఈ షీట్ కప్పిన లగూన్ చూడండి. ఇరవై, ముప్పై రోజుల నీళ్లు పట్టే గుంత, పంపు, షీట్. పిప్పి పోయినా తట్టుకుంటుంది, ఆపరేటర్ నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. అడుగున బురద పేరుకుని ఏళ్లకోసారి షీట్ తీయాల్సి రావడం, గాలివానకు షీట్ చిరగడం దీని చిక్కులు. ఎకరాల్లో స్థలమున్న సగ్గుబియ్యం యూనిట్‌కు మేమైతే యూఏఎస్‌బీ కంటే ముందు దీని లెక్కే వేయమంటాం.

ఈజీఎస్‌బీ అంటే యూఏఎస్‌బీ తరహాలోనే 12 మీటర్లకు పైన ఎత్తుండే సన్నటి ట్యాంకు, గంటకు 4 నుంచి 10 మీటర్ల వేగం, 15 నుంచి 30 కేజీల లోడ్. స్థలం ఇరుకైన బ్రూవరీలకు సరిపోతుంది. మొదటి రోజు నుంచే మంచి గ్రాన్యూల్స్ కావాలి, లేకపోతే ఖరీదైన గొట్టమే.

మొలాసిస్ స్పెంట్‌వాష్‌కు సీఎస్‌టీఆర్ (ఎప్పుడూ కలుపుతూ ఉండే ట్యాంకు). లీటరు ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్లు పుట్టే ఆ నీళ్లలో సీఓడీ లక్ష చుట్టూ ఉంటుంది, సల్ఫేట్, పొటాష్ దండిగా ఉంటాయి. పది, పదిహేను రోజులు పట్టే పెద్ద కలిపే ట్యాంకే దానికి తగినది. సీఓడీ 60, 65 శాతమే తగ్గుతుంది, గోధుమరంగు పోదు.

బిల్లు కట్టేముందు

యూఏఎస్‌బీ బయటికిచ్చే నీళ్లలో ఇంకా 1,200 సీఓడీ ఉంటుంది. కాలువలోకి వదలడానికి పర్యావరణ నియమాల సాధారణ ప్రమాణం సీఓడీ 250, బీఓడీ (బ్యాక్టీరియా తినగలిగే మలినపు కొలత) 30. పొలాలకైతే బీఓడీ 100. కాబట్టి వెనక ఏరేషన్ ట్యాంకు, క్లారిఫయర్ ఉండాల్సిందే. ‘యూఏఎస్‌బీ పెడితే పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) సమస్య తీరినట్టే’ అన్నవాళ్ల ధరలో ఆ రెండూ ఉన్నాయేమో చూడండి. అవుట్‌లెట్ కాలువ మీద మూత కూడా లెక్కలో ఉండాలి. నీళ్లు వీర్ (పొంగి పడే అంచు) మీద నుంచి పడేచోట కరిగిన సల్ఫైడ్ అంతా గాల్లోకి లేచి ఊరి నుంచి ఫిర్యాదు తెస్తుంది.

గ్యాస్‌ను బాయిలర్‌లో కాలుస్తుంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పూర్తిగా తీయనక్కర్లేదు, కానీ చిమ్నీ పొగ వేడి 150 డిగ్రీల కింద పడకుండా చూసుకోండి, పడితే యాసిడ్ కారి ఎకనమైజర్ పోతుంది. ఇంజన్‌కైతే ఇంజన్ తయారీదారు రాసిన పరిమితికి, మామూలుగా కొన్ని వందల పీపీఎంలోకి, స్క్రబ్బర్ దింపాలి. ఐరన్ ఆక్సైడ్ బెడ్ అయితే మార్చేటప్పుడు గాలి తగిలి తానే వేడెక్కుతుంది, తడిపి తీయాలి.

వెండర్ సేవ గురించి ఒక్కటే కొలత: కమీషనింగ్ ఇంజనీరు పూర్తి లోడ్ వచ్చేదాకా సైట్‌లో ఉంటాడా, నీళ్లు నింపిన మర్నాడే సంతకం పెట్టించుకుని పోతాడా. పర్చేజ్ ఆర్డర్‌లో ఈ అంకెలు పడాలి: డిజైన్ లోడ్‌లో కనీసం 90 శాతం మీద వరుసగా 30 రోజులు, తీసేసిన కేజీ సీఓడీకి ఇన్ని క్యూబిక్ మీటర్ల గ్యాస్, ఇంత మీథేన్ శాతం, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచినదో, మీటరు కాలిబ్రేషన్ ఎవరిదో, సీడ్ ఎవరు తేవాలో, ఆ 30 రోజుల్లో వాడిన కాస్టిక్ ఎంత దాటకూడదో. ఆఖరి వాయిదా, కనీసం పదిహేను శాతం, ఆ పరీక్ష పాసయ్యాకే. కాస్టిక్ పరిమితి దగ్గరే ఎక్కువమంది వెండర్లు బేరానికి దిగుతారు. అక్కడ మాత్రం తగ్గకండి, ఎందుకంటే కాస్టిక్ పోస్తూ పోతే ఎంత పాడైన రియాక్టర్‌నైనా 30 రోజులు నిలబెట్టి చూపించొచ్చు.